ఏడో పాటలో ముడి

మా ఊరి పేరు వూచ్. వూచ్ అంటే పడవ.
పడవ లేదు సరికదా, ఉన్న ఏటిని కూడా
బట్టల మిల్లుల కోసం ఎప్పుడో నేలకిందికి తోసి
పైన ఇటుకలు పేర్చేశారు.
కాలువ మూత మీద చెవి ఆనిస్తే ఇంకా వినిపిస్తుందట,
ఒతిల్యా అంటుంది.
నేనూ ఆనించి చూశాను.
చెవికి మసి అంటింది.

అయినా ఆమె ఆల్బం మొదలయ్యేది ఆ ఏటితోనే.
పాత సింథసైజరు మీద
ఎడమచేతి చిటికెనవేలు నొక్కిపట్టిన ఒకే ఒక్క మంద్రం,
మనకంటే ముందు మన కుర్చీకి వినబడేంత లోతున.

బ్యాండు అప్పటికే చెదిరిపోయింది.
గిటార్లు రెండూ వార్సా రైలెక్కాయి,
డ్రమ్ములు వాయించే జిగ్మున్త్
మామగారి టైల్సు కొట్లో కూర్చున్నాడు.
మిగిలింది గొంతూ, లాప్‌టాపూ, ఒక అరువు మైకూ.
"ఇక అందరూ నేనే" అంది.
మిక్సింగు చేసేవాణ్ణి నేను. ఆ అందరిలో లేను.

మ్యూజియంలో ఒక్క మగ్గం ఇంకా తిరుగుతుంది,
ఆదివారాలు, బడిపిల్లలకి చూపించడానికి.
దాని చప్పుడు పట్టుకొచ్చి ముక్కలు కోసింది.
నాడె తగిలిన దెబ్బ కిక్ డ్రమ్మయింది,
పన్నె దువ్విన సవ్వడి తాళాలయింది.
లెక్కపెడితే నిమిషానికి నూట ఇరవై ఎనిమిది.
డాన్సు ఫ్లోరు అడిగేదీ అంతే.
రాత్రి రెండింటికి ఆ అంకె చూసుకుని
పిచ్చివాళ్లలా నవ్వాం.

బేసు పడుగు. గొంతు పేక.
తొమ్మిది పాటల్లో ఎక్కడా గొంతెత్తదు.
కాస్త అరవమన్నాను, కోరస్సులోనైనా.
"మగ్గాల మధ్య ఎవరూ అరవరు,
పెదాలు చదువుకుంటారు" అంది.

అది వాళ్ల అమ్మమ్మ మాట.
గెనోవెఫా. ముప్పై ఒక్కేళ్లు మూడో షిఫ్టు.
జీతం ఇంటికి తెచ్చుకుంది,
చెవులు మిల్లులో వదిలేసింది.

ఒకరోజు గసగసాల కేకు పట్టుకుని స్టూడియోకి వచ్చింది.
కోటు విప్పలేదు. పెద్ద స్పీకరు ముందు కూర్చుని
అరచెయ్యి దాని గుండె మీద పెట్టింది.
మొదటి పాట, రెండోది, మూడోది,
మొహంలో ఏమీ లేదు.
కేకు నేనొక్కణ్ణే తింటున్నాను.

ఏడో పాట, రెండు నిమిషాల పదకొండో సెకను.
అక్కడ ఒక దెబ్బ తప్పింది.
ముక్కలు అతికేటప్పుడు జారిన పొరపాటు,
సరిచేయాలని ఎర్రగీత పెట్టుకున్నాను కూడా.
చురుక్కుమన్నట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది ముసలావిడ.
"పోగు తెగింది.
ఆపరేం? గుడ్డ పాడవుతుంది!"

ఒతిల్యా ఆపింది.
నా ఎర్రగీత చెరిపేసి, అక్కడ
కిక్కూ, తాళాలూ, ఏరూ, తన ఊపిరీ
అన్నీ ఆపేసింది.
అమ్మమ్మ వేళ్ల దగ్గర మైకు పెట్టింది.
బొటనవేలూ చూపుడువేలూ తడిచేసుకుని
లేని దారాన్ని ముడేసిన చప్పుడు.
నాలుగు సెకన్లు.
తర్వాత మగ్గం.

అక్టోబరులో, మిల్లు పాత బాయిలరు గదిలో,
ఊదారంగు దీపాల కింద మొదటి ప్రదర్శన.
ఏడో పాట ఆగింది.
ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి.
ఎవడో ఈల వేశాడు,
ఇంకొకడు నా వైపు తిరిగి బూతు తిట్టాడు.
గోడకి వీపానించి నిలబడ్డ గెనోవెఫా మాత్రం
పెదాలతో ఏదో లెక్కపెడుతోంది.
నాకు పెదాలు చదవడం రాదు.

పత్రికలో సమీక్ష వచ్చింది.
శైలి: చల్లని ఎలక్ట్రో పాప్.
లోపం: ఏడో పాటలో సాంకేతిక అంతరాయం.
ఒతిల్యా దాన్ని కత్తిరించి
అమ్మమ్మ ఫ్రిజ్ మీద అంటించింది.

నిన్న రాత్రి ట్రాము కోసం నిలబడి ఉంటే
అరికాళ్లకి ఏదో మంద్రంగా తగిలింది.
ట్రామే అయ్యుంటుంది.
అది రావడానికి ఇంకా పదిహేను నిమిషాలుంది.